బొజ్జన్న కొండమీద పిల్లలతో



సెలవులు వచ్చినప్పుడు మన పిల్లలు ఊరకయుండరు. "మమ్మును ఎక్కడికైనా తీసుకొని వెళ్లరా?" అని వెంటబడి అడుగుదురు. నాతవరము చుట్టుపట్ల ఊళ్లవారికి తాండవ జలాశయము ఎరిగినదే. అది చూపిన తరువాత ఇక ఏమి చూపవలెనో పెద్దలకు తోచదు. అట్టివారికి నేనొక కొండను చెప్పెదను. అది మన అనకాపల్లి జిల్లాలోనే, అనకాపల్లి పట్టణమునకు సమీపమున, శంకరము అను గ్రామము చెంత నున్నది. దాని పేరు బొజ్జన్న కొండ. ఒకప్పుడు అది కొండమీది ఊరు వంటిది. కొన్ని వందల సంవత్సరములు అక్కడ మనుష్యులు నివసించి, చదువుకొని, ధ్యానించి, శిష్యులకు బోధించిరి. ఇప్పుడక్కడ ఎవరును కాపురము లేరు.

"అది బౌద్ధుల చోటు గదా, క్రైస్తవులమైన మనకు అక్కడ ఏమి పని?" అని మీలో కొందరు అనుకొనవచ్చును. కొంచెము ఓర్చుకొని నా వెంట రండు. పని యున్నదో లేదో కొండ దిగిన తరువాత మీరే చెప్పవచ్చును.

ప్రొద్దుటనే బయలుదేరుడి. నాతవరము నుండి నర్సీపట్నము చేరి, అక్కడ బస్సెక్కి తాళ్లపాలెము, కశింకోట మీదుగా అనకాపల్లికి రావచ్చును. బెల్లము కాలములో ఆ పట్టణపు గాలియే తియ్యగా నుండును. అక్కడనుండి శంకరము కొద్ది కిలోమీటర్లు మాత్రమే. పిల్లలకు త్రాగునీరు, చద్దిమూట వెంట నుంచుకొనుడి. ఎండ ముదరకమునుపే కొండ ఎక్కుట మేలు.

పొలముల నడుమ మీకు రెండు చిన్న కొండలు కనబడును. తూర్పుదానిని బొజ్జన్న కొండ అనియు, పడమటిదానిని లింగాల కొండ అనియు పిలుతురు. తూర్పు కొండకు మెట్లున్నవి. అవి ఎక్కగానే కొండను తొలిచి చేసిన గుహ యొకటి ఎదురగును. వాకిటికి ఇరుప్రక్కల పెద్ద ద్వారపాలకుల రూపములు రాతిలో చెక్కబడియున్నవి. లోనికి వెళ్లి పిల్లలను స్తంభములు లెక్కింపుమనుడి. లెక్క పదహారు. వాటిలో కొన్ని విరిగినవి. వాటి నడుమ, అదే కొండరాతినుండి చెక్కిన స్తూపమున్నది. ఎక్కడనుండియో రాళ్లు తెచ్చి పేర్చినది కాదు. అక్కరలేని రాతిని ఉలితో తీసివేయగా స్తూపమును స్తంభములును మిగిలినవి. గుహపైన మరియొక అంతస్తున్నది. గుహలలో గోడలపైన బుద్ధుని ప్రతిమలు కనబడును.

ఇంకను పైకెక్కిన యెడల కొండ శిఖరమున పెద్ద స్తూపము అడుగుభాగము కనబడును. క్రిందిది కొండరాయి, పైది ఇటుక కట్టడము. దాని చుట్టును చిన్న చిన్న స్తూపములున్నవి. మరియొక ప్రక్క, సన్యాసులు నివసించిన గదుల పునాదులున్నవి. ఒక్కొక్క గది ఒక మనిషి పండుకొని లేచుటకు చాలినంత మాత్రమే. మీ పిల్లలను అందులో నిలిపి చూడుడి. "ఇంత చిన్న గదిలో ఎట్లుండిరి?" అని వారే అడుగుదురు.

ఇక పడమటి కొండ మరియొక వింత. ఆ కొండ పొడవునను రాతినే చెక్కి చేసిన స్తూపములు వరుసవెంబడి వరుసగా నిలిచియున్నవి. దూరమునుండి చూచినవారికి అవి శివలింగములవలె కనబడును. అందుచేతనే దానికి లింగాల కొండయను పేరు వచ్చినది.

ఈ చోటు చరిత్ర పిల్లలకు సులభముగా చెప్పవచ్చును. ఇక్కడి కట్టడములు క్రీస్తు శకము నాలుగవ శతాబ్దము మొదలు తొమ్మిదవ శతాబ్దము వరకు గల కాలమునకు చెందినవని పండితులు చెప్పుదురు. ఆ తరువాత మట్టి కప్పినది, చెట్లు మొలిచినవి. 1907-08 సంవత్సరములలో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ దొరగారు త్రవ్వించగా ఈ కొండ మరల వెలుగు చూచినది. మట్టిలో ముద్రలు, కుండపెంకులు, నాణెములు దొరకినవి. గుప్త చక్రవర్తియైన సముద్రగుప్తుని బంగారు నాణెమొకటి, తూర్పు చాళుక్య రాజైన కుబ్జ విష్ణువర్ధనుని రాగి నాణెములు వాటిలో నుండెను. అనగా, ఈ చిన్న కొండకు ఎక్కడెక్కడి రాజ్యముల నాణెములో చేరినవన్నమాట. నేడు ఈ స్థలము కేంద్ర పురావస్తు శాఖవారి రక్షణలో నున్నది.

ఇప్పుడు పేర్ల సంగతి వినుడి. బౌద్ధ సన్యాసుల మఠమును సంఘారామము అందురు. ఆ మాటయే జనుల నోట నలిగి నలిగి శంకరము అయినది. బుద్ధుని కొండ బొజ్జన్న కొండయైనది. స్తూపములు లింగములైనవి. ఈ కొండ యొక్కటే కాదు. విశాఖపట్నము దగ్గర ఇట్టి బౌద్ధ స్థలములు మరికొన్ని యున్నవి. రాతిలో తొలిచిన నీటి తొట్లను చూచి జనులు ఒకదానిని తొట్లకొండ అనిరి. బావులను చూచి మరియొకదానిని బావికొండ అనిరి. పావురములను చూచి భీమునిపట్నము వద్దనున్న కొండను పావురాలకొండ అనిరి. ఎలమంచిలి ప్రాంతమున కొత్తూరులో నున్న దిబ్బలను ధనదిబ్బలు అనిరి. చూచితిరా? తొట్టి కనబడినది, బావి కనబడినది, పావురము కనబడినది. లేని ధనము కూడ కనబడినది. ఆ చోట మోకరించినవారు మాత్రము ఎవరి తలపులోను మిగులలేదు.

ఇక్కడ నా మాట యొకటి ఒప్పుకొనవలెను. పూర్వము కనుమ పండుగనాడు చుట్టుపట్ల జనులు ఈ కొండకు గుంపులుగా వచ్చి, బొజ్జవలె ఉబ్బిన ఒక రాతిరూపమును రాక్షసుడని తలచి రాళ్లతో కొట్టెడివారు. అది వినోదము, అది ఆచారము. నా చిన్నతనమున ఒక కనుమనాడు బంధువుల పిల్లలతో కలిసి నేనును అక్కడికి వెళ్లితిని. నలుగురు రువ్వగా నేనును రువ్వితిని. రాయి తగిలినప్పుడు అందరమును కేకలు వేసితిమి. ఇంటికి వచ్చి నాన్నగారితో చెప్పగా, "వాళ్ల గొడవ మనకెందుకురా" అని ఊరకుండిరి. ఆయన ప్రార్థనాపరుడు, మంచివారు. అయితే అది ఏమి రూపమో, ఎవరు చెక్కిరో ఆయనకును తెలియదు. పిమ్మట చరిత్ర తెలిసినవారును పురావస్తు శాఖవారును పూనుకొని ఆ అలవాటును మాన్పించిరి. చాల ఏండ్లు గడచిన తరువాత ఆదివారపు బడి పిల్లలను వెంటబెట్టుకొని నేను ఆ కొండ ఎక్కితిని. వారిలో ఒక చిన్నవాడు క్రిందనున్న గులకరాయి ఏరుకొని, చేయెత్తి, "అయ్యగారూ, ఇక్కడనేనా కొట్టేది?" అని అడిగెను. వాని తాత ఆ మాట చెప్పియుండెనట! వాని చేతిలో నా రాయినే చూచినట్లయి నాకు నోట మాట రాలేదు.

ఆలోచింపుడి. ఆ రూపమును కొట్టినవారు పరదేశపు శత్రువులు కారు. బహుశః ఒకనాడు అదే కొండకు దీపపు నూనెయు, బియ్యమును మోసుకొనిపోయినవారి మనుమలు, మునిమనుమలే. వారికి ద్వేషము లేదు. తాత తండ్రికి చెప్పలేదు, తండ్రి కొడుకునకు చెప్పలేదు, అంతే. చెప్పనందుచేత తాత మ్రొక్కినదానిని మనుమడు కొట్టినాడు.

యెహోషువ గ్రంథము నాలుగవ అధ్యాయము తెరచి చూడుడి. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నదిలోనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. ఎందుకు? ముందు కాలమున పిల్లలు ఆ రాళ్లను గూర్చి అడుగుదురనియు, అప్పుడు పెద్దలు నది దాటిన సంగతి వారికి చెప్పవలెననియు. దేవుడు రాళ్లతో ఊరకుండలేదు సుమా! రాతి ప్రక్కన చెప్పెడి నోరొకటి యుండవలెనని ఏర్పాటు చేసినాడు. రాయి ఎంత గట్టిదైనను తన సంగతి తాను చెప్పుకొనలేదు.

ఇది బౌద్ధులకు మాత్రమే జరిగిన నష్టమని తలంపవద్దు. ప్రకటన గ్రంథములో ఏడు సంఘములకు వ్రాయబడిన లేఖలున్నవి గదా. వాటిలో పెర్గము సంఘమొకటి. ఆ పట్టణము నేటి తుర్కీ దేశములో ఎత్తైన కొండమీద నుండెను. అంతిప అను నమ్మకమైన సాక్షి అక్కడనే చంపబడెనని గ్రంథము చెప్పుచున్నది. కార్ల్ హ్యూమన్ అను జర్మను ఇంజనీరు ఆ కొండకు వెళ్లినప్పుడు, అక్కడివారు పాతకాలపు చలువరాతి శిల్పములను కాల్చి సున్నము చేసికొనుచుండిరి. 1878లో ఆయన త్రవ్వకములు మొదలుపెట్టి, మిగిలినవాటిని వెలికి తీసెను. నేడు యాత్రికులు ఆ కొండను చూచుటకు వెళ్లుదురు గాని, యోహాను లేఖ నందుకొనిన సంఘము అక్కడ కూడుట లేదు. కొండమీది పట్టణమును గూర్చి ప్రభువు మత్తయి అయిదవ అధ్యాయములో పలికిన మాట మీకు కంఠస్థమే. పట్టణము అందరికిని కనబడుచుండవచ్చును. దానిలో దీపము వెలిగించువారు లేకపోయిన యెడల కనబడునది గోడలు మాత్రమే.

దీపము ఒక్క రాత్రిలో ఆరదు. ఏడవ శతాబ్దమున చీనా దేశపు యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ మన ఆంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున మఠములు అనేకములున్నను పెక్కు పాడుబడియున్నవని వ్రాసెను. అనగా, కొన్నిట సన్యాసులు ఇంకను చదువుకొనుచుండగనే, మరికొన్నిట గడ్డి మొలచుచుండెను. బౌద్ధము మన నేలమీద ఎందుకు క్షీణించెనో పండితులు పెక్కు కారణములు చెప్పుదురు. రాజుల ఆదరణ తగ్గినది, వర్తకము సన్నగిల్లినది, శైవ వైష్ణవ భక్తి ప్రబలినది. నాకు తోచునది మరియొకటి. కొండమీద విద్య యుండెను. కొండక్రింది ఇండ్లలో పొయ్యిదగ్గర కూర్చుండి పిల్లలకు చెప్పెడి అలవాటు చాలినంత లేకపోయెనేమో. కొండమీదివారు వెళ్లిపోగానే చెప్పువారు లేకపోయిరి.

ఇక మన సంగతి. మన ప్రాంతములలో మిషను బంగళాలు, పాత మందిరములు, ఆసుపత్రులు, బడులు ఉన్నవి. కొన్నిటి పెంకులు జారిపోయినవి. మన పిల్లలు వాటిని ఏమని పిలుచుచున్నారు? "దొరల బంగళా" అందురు. తొట్టిని చూచి తొట్లకొండ అన్నట్లే!

1805లో క్రాన్ దొరగారును, డిగ్రాంజెస్ దొరగారును విశాఖపట్నమునకు వచ్చి తెలుగు నేర్చుకొని సువార్తలను తెలుగు చేయుటకు పూనుకొనిరి. ఆనందరాయరు అను మన దేశస్థుడు వారికి కుడిభుజమై పనిచేసెను. క్రాన్ గారు 1809లోను, డిగ్రాంజెస్ గారు 1810లోను మరణించిరి. వారి తర్జుమా 1812లో శ్రీరాంపురమున అచ్చయినది గాని, అచ్చుపుస్తకమును వారిద్దరును కన్నులార చూడలేదు. మీ సంఘములో ఎంతమంది పిల్లలకు ఆనందరాయరు పేరు తెలియును?

కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషను 1874లో మెక్లారెన్ దొరగారితో ఆరంభమైనదని మనము చెప్పుకొందుము. నిజమే. అయితే ఆయనకు ముందే అక్కడ ఒక తెలుగువాడు సేవ చేయుచుండెను. ఆయన తామస్ గాబ్రియేలు. తంతి శాఖలో ఉద్యోగము విడిచిపెట్టి, జీతమిచ్చు మిషను లేకయే సువార్త ప్రకటించి, భారము మోయలేనంతైనప్పుడు కెనడావారిని పిలిచినవాడు ఆయనే. 1875లో, ఇంకను నలుబది ఏండ్లు నిండకమునుపే, ఆయన కన్నుమూసెను. దొర పేరు గోడమీది రాతిపలకలో నిలుచును. పిలిచినవాని పేరు మన నోటిలోనే నిలువవలెను.

కాబట్టి, చదువరీ, మీ పిల్లలను బొజ్జన్న కొండకు తీసుకొని వెళ్లుడి. ఎక్కేటప్పుడు చిన్నవాండ్ర చేయి పట్టుకొనుడి. గోడలమీద పేర్లు గీయనియ్యకుడి. ఎవరైనను రాయి తీసిన యెడల కోపపడక, దానిని మెల్లగా క్రింద పెట్టించి, "ఇది మన తాతలనాటివారు దీపము పెట్టిన చోటు. వారి మార్గము వేరు, మన మార్గము వేరు. అయినను వారు చెక్కినదానిని మనము కొట్టకూడదు" అని చెప్పుడి. మన ప్రభువును ప్రేమించుటకు మరియొకని రాయిని పగులగొట్టవలసిన పనిలేదు.

శిఖరమున కొంతసేపు కూర్చుండి, చద్ది విప్పి, మీ యింట మొదట ప్రభువును నమ్మినవారెవరో పిల్లలకు చెప్పుడి. మీ ముత్తవ్వ కావచ్చును, ఆమెకు చదువు రాకపోవచ్చును. తిమోతికి విశ్వాసము అబ్బినది మందిరములో కాదు. అవ్వ లోయి వద్దను, తల్లి యునీకే వద్దను. మీ ముత్తవ్వ ఎవరి మాట వినెనో, ఊరిలో ఏమేమి పడెనో, ఏ బావి దగ్గర నీళ్లు తోడనియ్యలేదో, అన్నియు చెప్పుడి. మీకే తెలియని యెడల సంఘములోని ముసలివారిని వారు బ్రతికియుండగానే అడుగుడి. ఒక నోటు పుస్తకములో వ్రాసి మందిరపు పెట్టెలో భద్రపరచుడి.

నేను ఆ చిన్నవానికి నా తప్పు చెప్పుకొంటిని. "నీ వయస్సులో నేనును కొట్టితినిరా, తెలియక" అంటిని. వాడు కొంతసేపు నా ముఖము చూచి, చేతిలోని గులకరాయిని తీసుకొనిపోయి మెట్టుప్రక్కన నెమ్మదిగా పెట్టెను. తరువాత, "మరి తెలిసినవాళ్లు మీకెందుకు చెప్పలేదండీ?" అని అడిగెను. ఈ ప్రశ్నకు నేడు నేనును మీరును మన యిండ్లలో జవాబు చెప్పవలసియున్నాము. ప్రభువు మన నోళ్లు తెరచును గాక.