పట్టణపు బీడులలో తోటలు

మా ఊరి చెరువుగట్టుమీద ఒక పెద్ద మఱ్ఱిచెట్టు ఉండెడిది. దానిని నాటినవారెవరో మా తాతగారికిని తెలియదు. ఎవరి సెలవును అడుగక ఎవరో పుణ్యాత్ములు నాటిరి. ఊరివారందఱును నీడ ననుభవించిరి. పల్లెలో ఇది వింత కాదు. కాని గజము నేలకే గొప్ప వెల పలుకు మహానగరమున, తమది కాని బీడులో విత్తనము నాటినవారి గతి యేమాయెను? ఆ చరిత్రనే నేడు మీకు విన్నవింపదలచితిని.

ఇట్టి యత్నము మిగుల పాతది. 1649వ సంవత్సరము ఏప్రిలు మాసమున, ఇంగ్లండునందలి సర్రే సీమలో, జెరార్డ్ విన్‌స్టన్లీ అనునతడును కొందఱు పేదలును సెయింట్ జార్జి కొండమీది ఉమ్మడి బీడును త్రవ్వి, చిక్కుడు, క్యారెట్టు మొదలగువానిని విత్తిరి. భూమి సర్వజనుల ఉమ్మడి నిధి యని వారి వాదము. లోకులు వారిని డిగ్గర్లు, అనగా త్రవ్వువారు, అని పిలిచిరి. ఆ ప్రాంతపు భూస్వాములు వారి పైరులను పాడుచేయించిరి, గుడిసెలను కూల్పించిరి, వ్యాజ్యములు వేసిరి. మఱుసటి ఏటి వసంతమునకు ఆ యత్నము ముగిసెను.

ఇక మూడువందల ఇరువది యేండ్లకు పైగా గడచిన పిదప న్యూయార్కు నగరమునకు వత్తము. 1970 దశకమున ఆ నగరపు బొక్కసము వట్టిపోయెను. మన్‌హటన్ దిగువ తూర్పుభాగమున అనేక గృహస్వాములు పన్నులు చెల్లింపక ఇండ్లను విడిచిపోయిరి. కొన్ని తగులబడెను, కొన్ని కూలెను. ఆ స్థలములు చెత్తకుప్పలయ్యెను.

అచ్చట లిజ్ క్రిస్టీ యను చిత్రకారిణి నివసించుచుండెను. ఆమెయు మిత్రులును 1973లో ఒక జట్టుగా నేర్పడి "గ్రీన్ గెరిల్లాస్" అని పేరు పెట్టుకొనిరి. గెరిల్లా యనగా స్పానిష్ భాషలో చిన్న యుద్ధము. వీరి యుద్ధమునకు విత్తనమే ఆయుధము! విత్తులును, ఎరువును, నీరును బుడగలలో నింపి, మూసిన స్థలముల కంచెలపైనుండి లోనికి విసరిరి. వీధుల నడిమి తిన్నెలపై ప్రొద్దుతిరుగుడు విత్తులు చల్లిరి. బౌరీ, హ్యూస్టన్ వీధులు కలియు మూలనున్న ఒక స్థలములోని చెత్తను మోసిపోసి, మంచి మన్ను తెచ్చి, అఱువది మళ్ళు కట్టి కూరగాయలు పండించిరి.

అయితే వారు మఱియొక పనియు చేసిరి. నగరాధికారుల వద్దకు పోయి ఆ నేల నడిగిరి. 1974 ఏప్రిలులో నెలకు ఒక్క డాలరు అద్దెపై అది వారికి లభించెను.

ఆ ప్రాంతముననే ఆడమ్ పర్పుల్ అను పేరున ప్రసిద్ధుడైన వేఱొకడు మఱియొక తోట పెంచెను. సైకిలుపై పోయి, సెంట్రల్ పార్కునుండి గుఱ్ఱపులద్దె మోసి తెచ్చి, శిథిలములపై మన్ను చేసి, వలయములుగా మళ్ళు తీర్చి, "ఏదెను తోట" అని పేరిడెను. దానికి నగరము వ్రాసియిచ్చిన హక్కు లేదు. 1986 జనవరిలో, పేదలకు ఇండ్లు కట్టవలెనని, నగరమువారు యంత్రములతో దానిని నేలమట్టము చేసిరి. ఇండ్లును అవసరమే, కాని ఏండ్ల చెమట ఒక్క ఉదయమున మన్నయ్యెను. ఆ 1986లోనే, అంతకు ముందేడు మరణించిన లిజ్ క్రిస్టీ పేరు బౌరీ తోటకు పెట్టబడెను.

అద్దెచీటి యున్న చాలునా? అదియు చాలదు. 1999లో నగరపాలకులు నూటికిపైగా తోటలను వేలమునకు పెట్టిరి. ప్రజలు వీధులకెక్కి మొఱపెట్టిరి. తుదకు రెండు ధర్మసంస్థలు నలువది లక్షల డాలర్లకు పైగా చెల్లించి వానిని కొని కాపాడెను.

నాకు తోచునది యిది. బీడును తోటగా మార్చునది చెమట. ఆ తోటను మఱుసటి తరమునకు దక్కించునది పదిమంది పూనికయు, వ్రాతమూలమైన హక్కును. మా మఱ్ఱిని నాటినవానికి పట్టా లేదు. ఊరంతయు దానికి కావలి యుండెను. మీ ఊర నట్టి చెట్టుగాని తోటగాని యున్నయెడల, దాని నేల ఎవరి పేర నున్నదో ఒక్కసారి విచారింపుడు. గొడ్డలి వచ్చిన పిదప విచారించి ఫలము లేదు.