పచ్చని పిట్ట ఖరీదు

మా చిన్నమామయ్య గుంటూరులో కొత్తిల్లు కట్టుకున్నప్పుడు హాల్లో గోడంత టీవీ పెట్టాడు, దాని పక్కనే ఇత్తడి పంజరంలో ఒక కెనరీ పిట్టను వేలాడదీశాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరినీ టీవీ దగ్గరికి కాదు, పంజరం దగ్గరికే తీసుకెళ్ళాడు. “ఫారిన్ పిట్ట అల్లుడూ, పాడిందంటే వీధి చివరిదాకా వినపడుతుందట,” అన్నాడు నాతో. ఆ రోజు అది పాడలేదు. జనాన్ని చూసి బెదిరిందన్నారు. నెల తర్వాత కూడా పాడలేదు. ఎవరో పక్షుల సంగతి తెలిసినాయన వచ్చి చూసి, “ఇది ఆడదండీ, ఆడ కెనరీలు పాడవు,” అని తేల్చేశాడు. అమ్మినవాడు మగపిట్టకిచ్చే ధర తీసుకుని ఆడపిట్టను అంటగట్టాడన్నమాట.

మామయ్యకు వచ్చిన కోపం సంగతి అలా ఉంచితే, ఈ మోసానికి అయిదు వందల ఏళ్ళ చరిత్ర ఉందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. దాని వెంటపడి చదివిన సంగతులే ఇవి.

ముందు పేరు. కెనరీ దీవులకు ఆ పేరు పిట్ట వల్ల రాలేదు, పిట్టకే దీవుల పేరొచ్చింది. దీవుల పేరేమో లాటిన్‌లో కుక్కను చెప్పే మాట నుంచి పుట్టిందంటారు, అక్కడ పెద్ద కుక్కలుండేవని ప్లినీ రాశాడు కనక. అంటే ప్రపంచంలో అందరికన్నా తీయగా పాడే పెంపుడు పిట్టను మనం పిలుస్తున్నది కుక్క పేరుతో! ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా ఉన్న ఆ దీవుల్ని కాస్టీల్ రాజ్యం 1402లో మొదలుపెట్టి 1496 దాకా ఒక్కొక్కటిగా ఆక్రమించింది. గ్వాంచీలనే అక్కడి జనం ఆ యుద్ధాల్లో, రోగాల్లో, బానిసత్వంలో చితికిపోయారు. ఓడలు వెనక్కి తీసుకెళ్ళిన సరుకుల్లో పంచదార ఉంది, మనుషులున్నారు, ఈ పిట్టలూ ఉన్నాయి.

అడవి కెనరీ చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగు, ఒంటినిండా చారలు, పొట్ట మీద కాస్త పసుపు. మన ‘పచ్చ’ అనే మాట దానికి బాగా సరిపోతుంది, ఆకుకీ పసుపుకీ కూడా అదే మాట వాడతాం కదా. ఇప్పుడు మనం చూసే నిండు పసుపు రంగు తరాల తరబడి పంజరాల్లో ఏరి ఏరి జతకట్టించగా వచ్చింది. అప్పట్లో డబ్బు తెచ్చిపెట్టింది రంగు కాదు, గొంతు. స్విట్జర్లాండు పండితుడు కొన్రాడ్ గెస్నర్ 1555లో అచ్చయిన తన పక్షుల గ్రంథంలోనే దీని ప్రస్తావన తెచ్చాడు. పంచదార వచ్చే దీవుల నుంచి వస్తుంది కాబట్టి దీనికి చక్కెరపిట్ట అన్న పేరుండేది. కలిగినవాళ్ళ ఇళ్ళకే చేరే పిట్ట.

ఇక్కడే మా మామయ్య కథకు మూలం. స్పెయిన్ వర్తకులు మగపిట్టల్నే అమ్మి, ఆడవాటిని బయటికి పోనివ్వలేదనీ, అలా ఈ వ్యాపారాన్ని చాలాకాలం గుప్పిట్లో పెట్టుకున్నారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. 1622లో రోములో అచ్చయిన ఒలీనా పక్షుల పుస్తకం ఇంకో కథ చెబుతుంది: పిట్టల్ని తెస్తున్న ఓడ ఒకటి ఇటలీ తీరంలో మునిగిపోతే, పంజరాల్లోంచి బయటపడ్డవి ఎల్బా దీవికి చేరి అక్కడ పిల్లల్ని పెట్టాయట. రెండు కథలూ వినడానికి బాగుంటాయి. నాకు మాత్రం మొదటిదాని మీద నమ్మకం తక్కువ. ఇవి అజోర్స్‌లోనూ మదీరాలోనూ కూడా ఉన్నాయి, అవి పోర్చుగీసువాళ్ళవి. పైగా పిల్లగా ఉన్నప్పుడు మగా ఆడా చూడగానే పోల్చుకోవడం పెంచేవాళ్ళకే కష్టం. అంత గట్టి కాపలా ఎవరు కాయగలరు? కానీ ఒక పిట్టకు రహస్యమూ గుత్తాధిపత్యమూ ఉన్నాయంటే దాని ధర పెరుగుతుంది. కథ అందుకే నిలిచిందేమో.

ఫ్రాన్సులో ఈ మోజు పరాకాష్ఠకు చేరింది. 18వ శతాబ్దం మొదట్లో ఎర్వియూ అనే ఆయన కెనరీల పెంపకం మీద పెద్ద గ్రంథం రాసి, అప్పటికే రెండు డజన్లకు పైగా రకాలున్నాయని జాబితా ఇచ్చాడు. ఆయన ఉద్యోగమేమిటంటే, ఒక రాజకుటుంబపు స్త్రీ కెనరీలకు పర్యవేక్షకుడు! గొప్పింటి ఆడవాళ్ళు పిట్టకు పాటలు నేర్పడానికి ‘సెరినెట్’ అనే చిన్న చెక్కపెట్టె వాయిద్యం వచ్చింది. పిడి తిప్పితే అదే పాట, మళ్ళీ అదే పాట. 15వ లూయీ రాజు కోసం షార్దాఁ 1751లో వేసిన బొమ్మ లూవ్రలో ఉంది. ఒకావిడ కిటికీ దగ్గర కూర్చుని పంజరం వైపు చూస్తూ ఆ పిడి తిప్పుతుంటుంది. చెప్పిందే చెప్పి బుర్రలోకి ఎక్కించడాన్ని ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ ఈ పిట్ట పేరుతోనే క్రియాపదం చేసి వాడతారు. మన ఎక్కాల బళ్ళకు సరిగ్గా పనికొచ్చే మాట.

అయితే ఈ పిట్టను నిజంగా పెంచిందెవరు? నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన భాగం ఇదే. జర్మనీలో హార్జ్ కొండల మధ్య సాంక్ట్ ఆండ్రియాస్‌బెర్గ్ అని ఒక వెండిగనుల ఊరుంది. టిరోల్ నుంచి పని కోసం వచ్చిన గనికార్మికులు తమ వెంట కెనరీలను తెచ్చుకున్నారు. పగలంతా భూమి కింద పనిచేసి, ఇంటికొచ్చి ఒకటే గదిలో పొయ్యి పక్కన పిట్టల్ని సాకేవారు. ఆడవాళ్ళూ పిల్లలూ పుల్లలతో బుల్లి పంజరాలు అల్లేవారు. పడుచు మగపిట్టల్ని వేరుచేసి, పంజరాలకు గుడ్డ కప్పి, మసక చీకట్లో ఉంచి, పాత గాయకుడొకణ్ణి ‘గురువు’గా పెట్టి పాట నేర్పేవారు. హార్జ్ పిట్ట అరవదు. ముక్కు దాదాపు మూసుకునే, గొంతులో దొర్లిస్తున్నట్టు మెత్తగా పాడుతుంది. పక్కింటికి వినపడని పాట, వీధి చివరికి వినపడేది కాదు! నిచ్చెన లాంటి కర్రచట్రం మీద పంజరాలను దొంతర్లుగా పేర్చి, వీపున మోసుకుంటూ వర్తకులు దేశాలు తిరిగేవారు. 19వ శతాబ్దంలో హార్జ్ పిట్టలు ఓడలెక్కి న్యూయార్క్ దాకా వెళ్ళాయి. గనుల్లో వెండి తగ్గుతున్న కొద్దీ ఇంట్లో పిట్టల ఆదాయమే కుటుంబాల్ని నిలబెట్టింది. 1910లో గని మూతపడింది.

ఇంగ్లండులో ఇంకో తమాషా జరిగింది. నారిచ్ ఊరికి ఫ్లాండర్స్ నుంచి శరణు వచ్చిన నేతగాళ్ళు వీటిని తెచ్చారని చెబుతారు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టుకు ఇప్పటికీ ‘కెనరీలు’ అనే పేరు. 1870లలో అక్కడి పోటీల్లో కొందరి పిట్టలు నారింజ రంగులో మెరిసి బహుమతులన్నీ కొట్టేశాయి. రంగు పూశారని గొడవ. చూస్తే ఈకలు మారే కాలంలో వాటికి ఎండుమిరప కారం తినిపించారట! మా గుంటూరువాళ్ళకు ఇంత మంచి వ్యాపారం తట్టలేదు.

తిండితో వచ్చిన ఎరుపు ఆ ఏటి ఈకలతోనే పోతుంది. పుట్టుకతోనే ఎర్రగా ఉండే కెనరీ కావాలని 1920లలో బ్రెమెన్‌లో హాన్స్ డంకర్ అనే బడిపంతులు పూనుకున్నాడు. వెనిజువెలా నుంచి తెచ్చిన ఎర్ర సిస్కిన్ పిట్టతో కెనరీని కలిపి, తరాలు లెక్కలు కట్టి, రంగు మొత్తం వారసత్వంలోనే ఉందని నమ్మాడు. పిట్టలు రాగి రంగు దాకా వచ్చి ఆగిపోయాయి. ఆయన మనసు మాత్రం ఆగలేదు. పిట్టల్లో మంచి జాతిని ఏరినట్టే మనుషుల్లోనూ ఏరాలన్న వాదానికి, దానితోపాటు నాజీలకు దగ్గరయ్యాడు. జన్యువుతో పాటు తిండిలో క్యారెట్ రంగు లాంటిది కూడా కావాలని తర్వాతివాళ్ళు గ్రహించాక గాని నిజమైన ఎర్ర కెనరీ రాలేదు. ఈలోగా ఆ మోజు కోసం పట్టగా పట్టగా వెనిజువెలా అడవుల్లో ఎర్ర సిస్కిన్ దాదాపు ఖాళీ అయింది. 2000 ప్రాంతంలో గయానాలో కొత్తగా ఒక గుంపు కనబడింది, ఇంకా అంతరించే ప్రమాదంలోనే ఉంది.

గయానా అంటే గుర్తొచ్చింది. 19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఈనాటి గయానాలో ‘టోవా టోవా’ అనే బుల్లి పిట్టల పాటపందేలు జోరుగా సాగుతాయి. రెండు పంజరాలు పక్కపక్కన పెడితే, ముందుగా యాభై కూతలు పూర్తిచేసినది గెలుస్తుంది. న్యూయార్క్‌కు వలసపోయినవాళ్ళు అక్కడా పందేలు పెడతారు. జుట్టు చుట్టుకునే ప్లాస్టిక్ గొట్టాల్లో పిట్టల్ని దాచి తెస్తూ విమానాశ్రయంలో దొరికిపోయినవాళ్ళున్నారు. గెలిచే పిట్టకు వేల డాలర్లు పలుకుతుంది.

బొగ్గుగని కెనరీ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. జాన్ స్కాట్ హాల్డేన్ 1890లలో సూచించాడు, విషవాయువు మనిషికన్నా ముందు పిట్టకు తగులుతుందని. బ్రిటన్ గనుల్లో 1986 దాకా వాడారు. తెలియాల్సింది ఒకటుంది. కొన్ని పంజరాల పైన పిడిలాగా చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఉండేది. పిట్ట సొమ్మసిల్లగానే తలుపు మూసి దానికి ఊపిరి పోసేవారు. రోజూ వెంట తీసుకెళ్ళే పిట్టను చావనివ్వడం ఆ కార్మికులకు ఇష్టం లేకపోయింది.

మామయ్య పిట్టను తిరిగిచ్చేద్దామని చూశాడు, అమ్మినవాడు తీసుకోనన్నాడు. మన దేశంలో 1972 చట్టం తర్వాత చిలకలు, గోరింకలు లాంటి మన పిట్టల్ని పంజరంలో పెట్టడం నేరం. పరదేశి పిట్టకు ఆ రక్షణ లేదు కనక దర్జాగా అమ్ముతారు, కొంటారు. పంజరం హాల్లోంచి వంటింటి వసారాకు మారింది. అత్తయ్యే గింజలూ నీళ్ళూ పెట్టేది. “మీ మామయ్యకు పాడేది కావాలి, నాకు ఇది చాలు,” అనేది. ఆరేళ్ళు బతికింది. ఏటా ఎండలు ముదరకముందే అత్తయ్య వేసిన దూది, పీచు పోగుచేసి మూడో నాలుగో గుడ్లు పెట్టేది. లేత నీలం మీద సన్న చుక్కలు. జత లేదు కాబట్టి అవి పిగిలేవి కావు. అయినా పదమూడు, పద్నాలుగు రోజులు కదలకుండా పొదిగేది. ఆ తర్వాత అత్తయ్య వాటిని మెల్లగా తీసేసేది, అది పక్కకు తిరిగినప్పుడు చూసి.