మాస్కోలో కనబడని తరంగములు

తీగ లేకుండ వార్తనంపు విద్యతోపాటు ఒక సందేహము కూడ మన యిండ్లలో ప్రవేశించినది. కంటికి కనబడని యీ తరంగములు దేహమును తాకినపుడు ఏమి చేయును? పొరుగుమేడపై సెల్ టవరు లేచినపుడు మనము వేయుచున్న ప్రశ్న యిదియే. ఇది క్రొత్తది కాదు. దీనికొక చరిత్ర కలదు.

1953లో మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయము చైకోవ్‌స్కీ వీధిలోని భవనమునకు మారినది. ఆ భవనముమీదికి వెలుపలినుండి సూక్ష్మతరంగములు ప్రసరించుచున్నట్లు ఆ దినములలోనే కనుగొనిరి. లోపలి మాటలు వినుటకని కొందరును, యంత్రముల కంతరాయము కలిగించుటకని కొందరును ఊహించిరి. ఆ ప్రసారము ఇరువదేండ్లకు పైగా సాగినది.

1975 వరకు దాని తీవ్రత చదరపు సెంటీమీటరుకు సుమారు 5 మైక్రోవాట్లకు మించలేదు. అమెరికాలో నాడు నిరపాయమని యెంచిన హద్దు 10,000 మైక్రోవాట్లు. సోవియట్ దేశములో పనివారికి దినమంతటికి విధించిన హద్దు 10 మాత్రమే. ఒకే తరంగమునకు రెండు దేశములలో వేయిరెట్ల భేదమేల? దేహము వేడెక్కనంతవరకు హాని లేదని అమెరికా శాస్త్రజ్ఞులు తలచిరి. రాడారువంటి యంత్రములకడ పనిచేయువారు చెప్పుకొన్న తలనొప్పిని, అలసటను, నిద్రలేమిని గూడ సోవియట్ వైద్యులు లెక్కలోనికి తీసికొనిరి.

ఇంతకన్న చింతింపదగిన విషయము వేరొకటి కలదు. ఆ భవనములో పనిచేసినవారికి, అచట కాపురమున్న కుటుంబములకు ఈ సంగతి 1976 వరకు ప్రభుత్వము తెలియజేయలేదు. తెలిసిన పిమ్మట ఎన్నడో వచ్చిన జబ్బులన్నియు వారికి జ్ఞప్తికి వచ్చినవి. ఏది తరంగమువలన, ఏది విధివలన అని ఎవరు చెప్పగలరు? కిటికీలకు లోహపు వలలు బిగించిరి గాని, పోయిన విశ్వాసమునకు వల యెక్కడిది?

అప్పుడు జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన అబ్రహాం లిలియన్‌ఫెల్డ్ మాస్కోలో పనిచేసిన 1,827 మందిని, తూర్పు ఐరోపాలోని యితర అమెరికా కార్యాలయములలో పనిచేసిన 2,561 మందితో పోల్చి చూచెను. తరంగములవలన హాని కలిగినట్లు నమ్మదగిన నిదర్శనము కానరాలేదని 1978లో ప్రకటించెను. అయినను, వారిలో పెక్కురు చిన్నవయస్సువారగుటచే దీర్ఘకాల ఫలితములు తేలుటకు అది చాలిన గడువు కాదని కూడ హెచ్చరించెను.

శాస్త్రము తొందరపడి తీర్పు చెప్పదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము రేడియో తరంగ క్షేత్రములను "క్యాన్సరు కలిగింపవచ్చునేమో" యను వర్గమున చేర్చినది. అనగా నిదర్శనము పరిమితము. నేరము రుజువు కాలేదు, సందేహము పూర్తిగా తొలగలేదు. మన దేశములో 2012 సెప్టెంబరు 1 నుండి సెల్ టవర్లకు అంతర్జాతీయ హద్దులో పదవవంతునే హద్దుగా విధించిరి.

హద్దు ఎంతయను చర్చ పండితులది. కాని ఆ మేడక్రింద నివసించువానికి తన యింటిపై ఎంత తీవ్రత పడుచున్నదో తెలిసికొను హక్కు కలదు. కొలిచి చెప్పిన సంఖ్య మనలను కొంత భయపెట్టవచ్చును. దాచిన సంఖ్య అంతకు నూరురెట్లు భయపెట్టును. మాస్కో చరిత్రనుండి మనము గ్రహింపవలసిన దిదియే.