పదవికి గడువు – న్యాయస్థానము

పాతబస్తీలో మూసీనది దక్షిణతటమున 1920లో వెలసిన హైకోర్టు భవనమును జూచినపుడు, ఏలువాని గడువును నిర్ణయించువారెవరను ప్రశ్న తోచక మానదు. 1911 మొదలు 1948 వరకు ఈ సీమనేలిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ పదవికి గడువు లేదు. ప్రభువు ఫర్మానాయే శాసనము గావున, దానినిగూర్చి విచారించు అధికారము ఆ న్యాయస్థానమునకును లేకుండెను.

నేడు భారత రాష్ట్రపతి పదవికి ఐదేండ్ల గడువున్నది. కాని యొకరెన్నిమారులు ఎన్నిక కావచ్చునను కట్టడి లేదు. రాజ్యాంగము 57వ అధికరణము మరల నిలుచుటకు అనుమతించుచున్నది. రాజేంద్రప్రసాదుగారు 1952లోను 1957లోను ఎన్నికయి, 1962లో తప్పుకొనిరి. తరువాత నెవరును రెండవమారు ఎన్నిక కాలేదు. ఇది ఆచారమే కాని చట్టము కాదు. మూడవమారు నిలుచువారిని న్యాయస్థానము ఆచారమును బట్టి అడ్డగింపజాలదు.

మరి ఎన్నికనే తొలగించి పదవిని యావజ్జీవము చేయు సవరణ వచ్చినచో? రాజ్యాంగపు మూలస్వరూపమును పార్లమెంటు చెరుపరాదని 1973లో కేశవానందభారతి వ్యాజ్యెమున ఏడుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి, ఆరుగురు విభేదించిరి. ఆ యేడుగురిలో నొకరైన పి. జగన్మోహనరెడ్డిగారు అంతకుముందు ఈ మూసీతటపు హైకోర్టునకే ప్రధానన్యాయమూర్తి. ఆ సూత్రము ముందు అట్టి సవరణ నిలువదని తలపవచ్చును.

అయినను న్యాయస్థానములన్నియు నొక్కదారి నడువవు. కొలంబియా అధ్యక్షుని మూడవమారు పోటీకి దారితీయు చట్టమును అచటి రాజ్యాంగన్యాయస్థానము 2010లో కొట్టివేసెను. బొలీవియాలో ప్రజలు 2016లో వలదన్నను, న్యాయస్థానము 2017లో కట్టడిని తొలగించెను. కావున గడువును చట్టమున వ్రాసికొనుట యెంత యవసరమో, అది చెల్లునట్లు ప్రజలు మెలకువతో నుండుటయు నంతే యవసరము.