సింగానల్లూరు పరిసరాల్లో ప్రాణరక్షణ వైద్యం: ఒక చారిత్రక పరిశీలన

కోయంబత్తూరుకు తూర్పున తిరుచ్చి రోడ్డు మీద ఉన్న సింగానల్లూరు ఒకప్పుడు వ్యవసాయ గ్రామం. విజయనగర, మధుర నాయకుల కాలంలో ఈ ప్రాంతానికి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు నల్లరేగడి నేలల్లో పత్తి పండించాయి. వారి వారసుల్లో కొందరు ఇరవయ్యో శతాబ్దిలో మిల్లు యజమానులయ్యారు, మరెందరో ఆ మిల్లుల్లో పనికి చేరారు. 1930ల్లో పైకారా జలవిద్యుత్తు అందాక మిల్లుల సంఖ్య బాగా పెరిగింది. ప్రాణాపాయంలో పడిన మనిషికి చికిత్స ఎంత దూరంలో ఉంది? ఈ ప్రాంతపు వైద్య చరిత్రను ఈ ప్రశ్నతో పరిశీలించవచ్చు.

ఆ దూరాన్ని మొదట తగ్గించినవి ధర్మసంస్థలు. పీళమేడుకు చెందిన పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కుమారులు నలుగురు. 1926లో ఆస్తిని ఐదు వాటాలు చేసి, ఐదో వాటాను ధర్మకార్యాలకు కేటాయించారు. ఆ సంస్థే 1985లో వైద్య కళాశాలను నెలకొల్పింది. లక్ష్మీ మిల్స్ స్థాపకుడు జి. కుప్పుస్వామి నాయుడు పేరిట 1952లో మరో ఆసుపత్రి వెలసింది.

అదే 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించింది. శ్వాసకండరాలు చచ్చుబడిన తొలి 31 మందిలో 27 మంది మరణించారు. మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతుకు రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్లు ఆ సంచులు నొక్కారు. మరణాలు గణనీయంగా తగ్గాయి. నేటి ఇంటెన్సివ్ కేర్ విభాగానికి మూలం ఇదే. యంత్రం కంటే ముందు అక్కడ నిలిచింది, రోగి పక్కన ఎవరో ఒకరు ఎడతెగక ఉండాలన్న నియమం.

రెండో దశ కార్మికుల హక్కుగా వచ్చింది. 1948 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన ఇ.ఎస్.ఐ. పథకం 1955లో కోయంబత్తూరులో మొదలైంది. వైద్యం దాత దయ మీద కాక, కూలిలోంచి కట్టిన చందా మీద ఆధారపడింది. సింగానల్లూరు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి 2016లో ప్రభుత్వ వైద్య కళాశాలకు నెలవైంది. 2020లో కోవిడ్ చికిత్సా కేంద్రంగా మారింది. మిల్లు కార్మికుల కోసం కట్టిన పడకలు జిల్లా ప్రజలందరికీ ఆక్సిజన్ అందించాయి.

మూడో దశ రోడ్డు మీద జరిగింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ 2008లో తమిళనాడుకు వచ్చింది.

అయినా ఒక ఖాళీ మిగిలే ఉంది. గుండె ఆగితే కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ లోపల అంబులెన్సు చేరడం అరుదు. 1960లో కౌవెన్‌హోవెన్ బృందం వట్టి చేతులతో ఛాతీని నొక్కి రక్తప్రసరణ నిలపవచ్చని చూపింది. పెద్దవారికి ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతున నొక్కాలని నేటి నియమం.

ఈ పని చేయగలవాడు పక్కనున్నవాడే, అంటే చాలాసార్లు ఇంటివాడే. కోయంబత్తూరు తెలుగు ఇళ్లలో పెద్దల మాట తెలుగు, పిల్లల చదువు తమిళం లేదా ఇంగ్లీషు. బడిలో నేర్చిన ఈ విద్యను ఇంటిభాషలో అమ్మకూ నాయనకూ చెప్పవలసినవారు విద్యార్థులే. ధర్మం, చట్టం, వాహనం తగ్గించలేని ఆ చివరి దూరం తగ్గేది అక్కడే.