శరత్కాలపు పండుగలు, బిస్కెట్ రాక: మెదక్ ప్రాంత ఆహార చరిత్రలో ఒక అధ్యయనం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మెదక్ ప్రాంతంలో శరత్కాలపు పండుగ పిండివంటలు పొయ్యి మీదే ఎందుకు తయారయ్యాయో వివరించగలుగుతారు.
• హైదరాబాద్ రాజ్యంలో భట్టీ బిస్కెట్ ఎలా వ్యాపించిందో చెప్పగలుగుతారు.
• ఒక తినుబండారం పుట్టుక గురించిన కథలను చారిత్రక ఆధారాలుగా ఎంతవరకు స్వీకరించవచ్చో పరిశీలించగలుగుతారు.
• ఆపిల్, దాల్చిన చెక్క కలిసిన జంట బిస్కెట్ ప్రవాస తెలుగువారి బతుకమ్మ వేడుకలోకి ఎలా వచ్చిందో గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. కానీ ఒక ఊరిలో పండుగ నాడు ఏమి వండారు, ఎవరు వండారు, ఎవరితో పంచుకున్నారు అన్నవి కూడా చరిత్రే. ఈ చరిత్రకు లిఖిత ఆధారాలు తక్కువ. వంట చేసినవారు ఎక్కువగా స్త్రీలు. వారి పనిని రెవెన్యూ లెక్కల్లోకి ఎవరూ ఎక్కించలేదు. అందువల్ల వస్తువులను, పరికరాలను, పదాలను, జ్ఞాపకాలను ఆధారాలుగా తీసుకోవలసి ఉంటుంది. ఈ భాగంలో మెదక్ జిల్లా కుల్చారం వంటి ఊరిని దృష్టిలో ఉంచుకొని, ఒక చిన్న వస్తువును పరిశీలిద్దాం. అది బిస్కెట్.

7.2 పొయ్యి, పెంక, మూకుడు

ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. తెలంగాణలో ఈ కాలపు పెద్ద వేడుక బతుకమ్మ. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిది రోజులు సాగి, సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. తరువాత దసరా వస్తుంది. చివరి రోజున పెరుగు, చింతపండు, నిమ్మ, కొబ్బరి, నువ్వులు కలిపిన అన్నాలను సద్దులుగా కడతారు. రొట్టెను నలిపి బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేస్తారు. 'మలీద' పారశీక పదం. నలిపినది అని దాని అర్థం. పల్లె స్త్రీల పండుగ వంటలో ఒక పారశీక పదం ఇంతగా ఇమిడిపోవడం, దక్కనులో భాషలూ వంటలూ కలిసి ప్రయాణించాయనడానికి ఒక చక్కని ఆధారం.

పండుగ నాటి మరో పిండివంట గరిజెలు. పలుచని పిండి పొర మధ్య కొబ్బరి, నువ్వులు, బెల్లం లేదా చక్కెర పెట్టి, అంచులు మూసి నూనెలో వేయిస్తారు. రెండు పొరల మధ్య తీపి పెట్టడం అనే ఆలోచన మనకు కొత్తది కాదు. జంట బిస్కెట్లో ఉన్నదీ అదే. తేడా ఒక్కటే: గరిజె నూనెలో వేగుతుంది, బిస్కెట్ భట్టీలో కాలుతుంది.

మరి మన ఊళ్లలో కాల్చే పద్ధతి ఎందుకు స్థిరపడలేదు? దీనికి మూడు కారణాలు చూపవచ్చు.

మొదటిది ఇంధనం. భట్టీ లోపలి గోడలు వేడెక్కడానికి చాలా కట్టెలు కావాలి. ఒకసారి వేడెక్కితే ఆ వేడి గంటల తరబడి నిలుస్తుంది. అందుచేత రోజూ పెద్ద మొత్తంలో కాల్చి అమ్మేవారికే భట్టీ గిట్టుబాటు అవుతుంది. ఏడాదికి రెండు మూడు పండుగలకు పిండివంటలు చేసుకొనే ఇంటికి మూకుడు చాలు.

రెండవది ధాన్యం. ఈ ప్రాంతపు తిండి జొన్న, మక్క, వరి మీద ఆధారపడింది. మంజీర మీద 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట ఈ పరిసరాల్లో వరి, చెరకు సాగుకు తోడ్పడింది. గోధుమ ఇక్కడి ప్రధాన పంట కాదు. బిస్కెట్ పిండికి కావలసిన మెత్తని గోధుమ పిండి బయటి నుంచి రావలసిందే.

మూడవది చక్కెర. పల్లె తీపికి ఆధారం బెల్లం. బోధన్‌లో 1937లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైన తరువాతే ఈ రాజ్యంలో పెద్ద ఎత్తున తెల్ల చక్కెర తయారీ మొదలయింది.

కాబట్టి బిస్కెట్ పల్లెకు 'వండుకొనే వస్తువు'గా కాక 'కొనుక్కొనే వస్తువు'గా వచ్చింది. ఈ తేడా ముఖ్యమైనది. గరిజెలు చేయడానికి ఇరుగుపొరుగు స్త్రీలు కూర్చుని పిండి ఒత్తాలి. బిస్కెట్ కొనడానికి రూపాయి కావాలి, పట్నం పోయి వచ్చే మనిషి కావాలి.

7.3 హైదరాబాద్ భట్టీలు

హైదరాబాద్‌లో కాల్చిన రొట్టెకు పాత చరిత్ర ఉంది. తందూరులో కాల్చే నాన్ నిజాముల కాలంలోనే నగర ఆహారంలో భాగం. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం ప్రారంభం కావడంతో నగరం బొంబాయితో కలిసింది. పందొమ్మిదవ శతాబ్ది చివర, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఇరాన్ నుంచి వలస వచ్చినవారు బొంబాయి, పుణె, హైదరాబాద్ నగరాల్లో చాయ్ హోటళ్లు నెలకొల్పారు. రోజంతా చాయ్ తాగేవారున్నచోట రోజంతా బిస్కెట్ అమ్ముడుపోతుంది. భట్టీకి కావలసిన నిత్య గిరాకీని ఇరానీ హోటల్ ఇచ్చింది.

ఇక్కడ ఒక సామాజిక విషయం కూడా ఉంది. వండినవారి కులం, మతం చూసి తినే సమాజంలో, ఎవరు కాల్చారో అడగకుండా ఎవరి పక్కన కూర్చున్నారో చూడకుండా చాయ్, బిస్కెట్ తీసుకోవడం చిన్న మార్పు కాదు. పల్లెలో పండుగ తిండి చాలావరకు తమ వాడలో, తమ వారిలో పంచుకొనేది. హోటల్ బల్ల మీది బిస్కెట్‌కు ఆ హద్దు లేదు.

1947 దేశ విభజన తరువాత సింధ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఈ వృత్తికి మరో పాయ చేర్చాయి. ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ వద్ద కరాచీ బేకరీ స్థాపించారు. అక్కడి ఫ్రూట్ బిస్కెట్ ప్రసిద్ధి పొందింది. ఇటువంటి బిస్కెట్లలో కనిపించే రంగు రంగుల టూటీ ఫ్రూటీ ముక్కలు సాధారణంగా పచ్చి బొప్పాయిని చక్కెర పాకంలో ఊరబెట్టి చేసినవి. పండు రుచి పేరుతో స్థానికంగా చవకగా దొరికే కాయను వాడుకోవడం బేకరీ వృత్తిలోని నేర్పు.

7.4 ఉస్మానియా బిస్కెట్: కథలను ఎలా చదవాలి?

కొంచెం ఉప్పు, కొంచెం తీపి కలిసిన ఉస్మానియా బిస్కెట్ పేరు గురించి రెండు కథలు వాడుకలో ఉన్నాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇష్టపడ్డారు కనుక ఆ పేరు వచ్చిందని ఒకటి. ఉస్మానియా ఆసుపత్రి రోగులకు ఇచ్చేవారు కనుక వచ్చిందని మరొకటి.

విద్యార్థి ఇక్కడ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఏది ఎప్పటికంటే ముందు జరిగి ఉండదు? ఉస్మాన్ అలీ ఖాన్ పాలన 1911లో మొదలై 1948లో ముగిసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది, ఆసుపత్రి భవనం కూడా ఆయన పాలనలోనే పూర్తయింది. పేరు వీటితో ముడిపడినదైతే అది 1911 తరువాతిది. అయితే బిస్కెట్ అంతకుముందే మరో పేరుతో ఉండి ఉండవచ్చు. పేరు వయస్సు, వస్తువు వయస్సు ఒకటి కావు. రెండవ ప్రశ్న: ఈ కథ చెబితే ఎవరికి లాభం? రాజుగారి ఇష్టం అన్న మాట సరుకుకు గౌరవం తెస్తుంది. అంతమాత్రాన కథ అబద్ధం కాదు, కానీ అదొక్కటే రుజువు కాదు. ఏ కథలోనూ పిండి కలిపిన పనివాని పేరు లేదని గమనించండి.

7.5 ఆపిల్, దాల్చిన చెక్క, ప్రవాస బతుకమ్మ

ఆపిల్ దక్కను నేల మీద పండే పండు కాదు. చలి కావలసిన చెట్టు అది. హిమాచల్‌లోని కోట్‌గఢ్ ప్రాంతంలో శామ్యూల్ స్టోక్స్ 1910వ దశకంలో అమెరికా రకం ఆపిల్ మొక్కలు నాటించడంతో అక్కడ తోటల సాగు విస్తరించింది. కాశ్మీర్, హిమాచల్ ఆపిళ్లు ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ఎక్కువగా మార్కెట్‌కు వస్తాయి. అంటే మన బతుకమ్మ, దసరా రోజులకే. అదే కాలంలో మన గుట్టల మీద సీతాఫలం పండుతుంది. ఒకటి కొనే పండు, మరొకటి ఏరుకొనే పండు.

1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత తెలుగువారు అక్కడికి ఎక్కువ సంఖ్యలో వెళ్లారు. అక్కడ సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఆపిల్ కోతల కాలం. ఆపిల్, దాల్చిన చెక్క, జాజికాయ, లవంగం కలిపిన వంటకాలు ఆ ఋతువు గుర్తు. బతుకమ్మ ఆ రోజుల్లోనే వస్తుంది. ఇంటింటికీ ఓవెన్ ఉంది, తంగేడు పువ్వు మాత్రం దొరకదు. అటువంటి చోట సద్దుల పక్కన ఆపిల్ జంట బిస్కెట్ చేరడం సహజం.

దీని తయారీలో ఒక సూత్రం ఉంది. తురిమిన ఆపిల్‌ను చక్కెర, దాల్చిన చెక్క పొడితో కలిపి నీరంతా ఇగిరి ముద్దగా అయ్యేవరకు ఉడికించాలి. తడి మిగిలితే అది బిస్కెట్లోకి పాకి, కరకర పోయి మెత్తబడుతుంది. బిస్కెట్లను సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వద్ద 10–12 నిమిషాలు కాల్చి, పూర్తిగా చల్లారాకే మధ్యలో ముద్ద పెట్టాలి. కర్మాగారపు క్రీమ్ బిస్కెట్ నెలల తరబడి నిలవ ఉండడానికి కారణం, దాని మధ్య ఉన్నది నీరు దాదాపు లేని కొవ్వు, చక్కెర మిశ్రమం కావడమే. గరిజెల్లో కొబ్బరిని ముందుగా వేయించడమూ ఇదే సూత్రం.

ఈ బిస్కెట్‌ను పూర్తిగా విదేశీ వంటకం అనడానికి వీలులేదు. అసలైన దాల్చిన చెక్క శ్రీలంకది, జాజికాయ, లవంగం మలుకు దీవులవి. మన సముద్రాల మీదుగా పడమటికి పోయిన సుగంధ ద్రవ్యాలే ఆపిల్‌తో కలిసి మన పండుగలోకి తిరిగి వచ్చాయి. మరొక సంగతి: ఇంటి ఓవెన్ వచ్చాక బిస్కెట్ మళ్లీ స్త్రీలు కలిసి కూర్చుని చేసే వంట అయింది.

7.6 సారాంశం

మెదక్ పల్లెల్లో ఇంధనం, ధాన్యం, తీపి పదార్థాల లభ్యత వల్ల పండుగ వంట పొయ్యికి పరిమితమైంది. రైలు, చాయ్ హోటల్, వలసలు హైదరాబాద్‌లో భట్టీని నిలబెట్టాయి. బిస్కెట్ పల్లెకు కొనే సరుకుగా చేరి, కుల హద్దులు దాటే తిండికి ఒక ఉదాహరణ అయింది. అయితే దానితోపాటు కలిసి వండే పని కొంత తగ్గింది. ఆహార చరిత్రలో లాభనష్టాలను రెంటినీ లెక్కించాలి.

7.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. భట్టీ గృహ పరికరం కాలేకపోవడానికి గల కారణాలు తెలపండి.
2. 'పేరు వయస్సు, వస్తువు వయస్సు ఒకటి కావు' – ఉస్మానియా బిస్కెట్ ఆధారంగా చర్చించండి.
3. అభ్యాస కార్యం: మీ ఊరిలో డెబ్బై ఏళ్లు దాటిన ఇద్దరు స్త్రీలను కలవండి. మొదటిసారి బిస్కెట్ ఎప్పుడు, ఎవరి చేతి నుంచి తిన్నారో, ఆనాటి దసరాకు ఇంట్లో ఏమి వండారో అడిగి, వారి మాటల్లోనే రెండు పుటలు రాయండి. ఇద్దరి జ్ఞాపకాలు విభేదిస్తే రెంటినీ రాయండి, ఒకదాన్ని సరిదిద్దవద్దు.