అతుకుల బొంత

ఏకవాక్యత లేని గ్రంథమును నిందింపవలసి వచ్చినపుడు తెలుఁగు విమర్శకులు దానిని "అతుకుల బొంత" యని యొక్కమాటతోఁ దేల్చివేయుదురు. నానాగ్రంథముల పంక్తు లెత్తి కూర్చిన కావ్యమును, పొసఁగని పక్షములు కలసి యేర్పఱచిన మంత్రివర్గమును ఈ మాటకే గుఱి యగుచున్నవి. ఉపమానము చెప్పువారు ముందుగా నా వస్తువును జూచియుండుట న్యాయము. బొంత నెట్లు కూర్తురో, కూర్చువారు దేనిఁ బాటింతురో యెఱిఁగిన పిదప నీ నింద నిలుచునా యనునది విచార్యము. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలు గల సీమ యీ విచారమునకుఁ దగిన క్షేత్రము. ఏల యనఁగా, నూలుబట్టచేతను, ఉన్నితివాచిచేతను, లేసుచేతను దేశాంతరములఁ బేరు గాంచిన యీ ప్రాంతముననే, యే పేరును లేక బొంత యిండ్లలోఁ గుట్టఁబడుచు వచ్చినది.

మొదట శబ్దవిచారము. బొంతకు సంస్కృతమునఁ గంథ యని పేరు. భర్తృహరి సుభాషితములను దెనిఁగించిన యేనుఁగు లక్ష్మణకవి, కార్యసాధకుని లక్షణము చెప్పు శ్లోకమునందలి కంథాశబ్దమునకు బొంత యనియే తెలుఁగుమాట వేసెను. అచట బొంత లేమికి గుఱుతు; దివ్యాంబరము దానికిఁ బ్రతిగా నిలిచినది. వైరాగ్యశతకమున నా కంథయే యతికి భూషణ మయినది. ఒక్క వస్తువే దారిద్ర్యమునకును నిస్స్పృహతకును జిహ్న మయినది గాని, రెండుచోట్లను దానిఁ గుట్టిన చేయి మాత్రము కానరాదు. తెలుఁగు సామెతయు నంతియే. "గంతకుఁ దగిన బొంత" యనుటలో నెద్దు వీఁపుపైఁ బఱచునదిగానే యది కనఁబడును.

అయినను గంథాశబ్దము వచ్చిన తావులనెల్ల బొంతయే యని గ్రహింపరాదు. పాణిని యీ శబ్దమును బలుమాఱులు గ్రహించెను. ఉశీనరదేశపు గ్రామనామములందుఁ గంథాంతమగు తత్పురుషము నపుంసక మగునని యష్టాధ్యాయి ద్వితీయాధ్యాయమున విధించెను. చతుర్థాధ్యాయమునఁ గంథాశబ్దమును నగర, గ్రామ, హ్రద శబ్దములతోఁ గలిపి యొకే సూత్రమునఁ జేర్చెను. ఊరును మడుఁగును బ్రక్క నుండఁగా నిది పడకబట్ట కానేరదు. అది జనావాసమును దెలుపు శబ్దము. సమర్కందు మొదలగు మధ్యాసియా పురనామముల తుదిభాగముతో దీనిని బోల్చిన పరిశోధకులు గలరు. రూపసామ్యము మాత్రమున నీ సూత్రములను బొంతకు సాక్ష్యముగాఁ జూపుట శాబ్దికులకుఁ దగదు.

బొంత తత్త్వమునకు సమీప మగు సాక్ష్యము వేఱొక శబ్దమునఁ గలదు. అమరసింహుఁడు కుట్టుపనివానికి సౌచికుఁడనియుఁ దున్నవాయుఁడనియు రెండు పేరులు చెప్పెను. సౌచికుఁడు సూచితోఁ బనిచేయువాఁడు. ఆ సూచియే తెలుఁగున సూది. తున్నవాయశబ్దము మఱింత లోఁతైనది. తుదధాతువునకు క్తప్రత్యయము చేరఁగాఁ దున్న మగును. గ్రుచ్చఁబడినది, చిల్లిపడినది యని భావము. నేఁత యర్థముగాఁ గల వేఞ్ ధాతువునకుఁ గర్మ ముపపదముగా నుండఁగా నణ్‌ప్రత్యయము వచ్చి వాయ యను రూప మేర్పడును. తంతువులను నేయువాఁడు తంతువాయుఁడయినట్లే చిల్లిపడినదానిని నేయువాఁడు తున్నవాయుఁడు. మొదటివాని నేఁత నూలుతో నారంభ మగును. రెండవవాని నేఁత, నేఁత చెడినచోట నారంభ మగును. కుట్టును రెండవ నేఁతగాఁ జూచిన యీ వ్యుత్పత్తి బొంతకుఁ జక్కఁగా సరిపడును.

అతుకుట కేవలము లేమివలనఁ బుట్టిన యక్కఱ గాక, బుద్ధిపూర్వకమగు కూర్పు గూడ నగునని చూపు ప్రాచీనకథ పాళీ వినయపిటకమునందలి మహావగ్గములోఁ గలదు. బుద్ధుఁడు దక్షిణగిరికిఁ బోవుచు, గట్లచే మడులుమడులుగా విభక్తములైన మగధదేశపుఁ బొలములను జూచి, చీవరముల నట్లు కూర్పఁగలవా యని యానందు నడిగెను. ఆనందుఁడు బట్టను ముక్కలుగాఁ గోసి యా తీరుననే కూర్చి చూపెను. భిక్షువుల చీవరములు ముక్కలు చేర్చి కుట్టఁబడుట కిది మూలకథ. ఏలూరికి నుత్తరమునఁ గామవరపుకోట దాపున, జీలకఱ్ఱగూడెము కడనున్న గుంటుపల్లి గుహలలో క్రీ. పూ. 2వ శతాబ్ది నాఁటికే బౌద్ధసంఘము వసించెను. నేఁటి బొంత యా చీవరమునుండియే పుట్టినదనుట సాహసము. అయినను 1852లో ముగిసిన ధవళేశ్వరపు టానకట్టనుండి నీరు తెచ్చు కాలువల క్రింద, తాడేపల్లిగూడెము మొదలు ఏలూరు వఱకుఁ బఱచుకొన్న వరిమళ్ళను మిట్టపైనుండి చూచినవారికి ఆనందుఁడు చూచినదేమో యిట్టే బోధపడును.

బొంతకు వలయు సాధనములు స్వల్పములు. చివికిన చీరలు, పంచెలు, పాతదుప్పట్లు, పిల్లలు విడిచిన పరికిణీలు, రవికెలు కుట్టఁగా మిగిలిన పేలికలు, ఒక సూది, మందమైన చోట దబ్బనము, గట్టినూలు, ఇవియే. బట్టల నుదికి, యెండవేసి, కుట్లు విప్పి, చీఁకినభాగమును గోసివైచి, గట్టిభాగమును నిలుపుకొందురు. ఒక చీరను నేలఁ బఱచి, దానిపైఁ బేలికలను బేర్చి, పైన మఱియొకటి కప్పుదురు. పేదయిండ్ల నడుమ గోనెపట్ట చేరుటయుఁ గలదు. ముడుతలు చేతితో సవరించి, మొదట నెడమెడముగా టాకాలు వేసి, పిదప దగ్గఱగాఁ గుట్టుకొనిపోవుదురు. చీర యంతయుఁ జివికినను నంచు తఱచుగాఁ జెడదు. కావున దానిని విడఁదీసి బొంత నలుప్రక్కలఁ జుట్టుదురు.

ఇందుఁ గొత్తబట్టకంటెఁ బాతబట్టయే మేలగుటకుఁ గారణము గలదు. పలుమాఱు లుదికిన నూలుబట్ట కుంచించుకొనుట ముందే ముగిసి, మెత్తఁబడి, చెమటను బీల్చును. పొరలనడుమ నిలిచిన గాలి చలిని లోఁబడనీయదు. కుట్టు పొరలను గదలకుండఁ బట్టియుంచును. పసికందునకుఁ బొత్తిళ్ళును, ముసలివారికిఁ బక్కబొంతయు నీ బట్టతోనే కుదురుట యిందువలననే. బొంత యనఁగాఁ గూడఁబెట్టిన చింపులు గావు, ఉదుకుచేఁ బరీక్షింపఁబడి నిలిచిన భాగముల సముదాయము.

ఇఁకఁ గూర్పునందలి యానందము. బొంత కుట్టు నిల్లాలికి ముందుగా గీసికొన్న పటము లేదు, సుద్దగీఁత లేదు, కొలబద్ద లేదు. మొదటి ముక్క రెండవదానిఁ గోరును. పసుపుపచ్చ చెఱగు ప్రక్క నీలిపంచె యుంచి చూచును. నచ్చనిచో నెఱ్ఱపేలిక నడుమఁ జొప్పించును. బెత్తెఁడు చాలకున్న ముక్కను మలఁచి యడ్డముగా వేయును. ఆ మలుపే ప్రక్కవరుసకు నమూనా యగును. పొరపాటున వంకరవోయిన కుట్టును విప్పక, తక్కిన కుట్లను దానివెంట నడపుటయుఁ గలదు. కోఁతలు ముగిసి తీఱిక చిక్కినపు డరుగుపైఁ గూర్చున్న యిరుగుపొరుగుల మాటలు కూడ నీ కూర్పునఁ బాలుగొనును. "ఈ ముక్క నిటు త్రిప్పుము వదినా" యన్న సలహాతో వరుస మాఱును. ముగిసిన పిదప నిది పెద్దత్తగారి మడిచీర, ఇది నాయన పంచె, ఇది పెండ్లికూఁతుఁ జేసిననాఁటి పరికిణీ యని వేలుపెట్టి చూపుదురు.

ఈ రచనావిధానమునకు సాటి తెలుఁగు సాహిత్యముననే యున్నది. అవధానమునఁ బృచ్ఛకుఁ డొండొంటితో సంబంధము లేని నాలుగుమాట లిచ్చి వానిని బద్యమునఁ బొదుగు మనును. దానికి దత్తపది యని పేరు. మాటలు కవి కోరినవి కావు. వానిని విడుచుటకు వీలు లేదు. అర్థము మాత్ర మతఁడు నిర్మింపవలెను. ఉండికి దాపున యండగండిలోఁ బుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రియుఁ జెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రియు నీ విద్యను సభలలోఁ జూపి ఖ్యాతి గాంచిరి. దత్తపదులను బద్యమునఁ గుదిర్చిన కవిని లోక మతుకులవాఁడని నిందింపలేదు. ఆశుప్రజ్ఞ యని కొనియాడినది. ఇంటఁ జివికిన బట్టయు దత్తపదమే. దానిని బొంతలోఁ గుదిర్చిన యిల్లాలి ప్రజ్ఞయు నా జాతిలోనిదే. భేద మొక్కటి: అవధానికి సభ యుండెను; పద్యమును వ్రాసికొనువా రుండిరి. బొంతకు సభ లేదు.

ఈ సీమ వస్త్రచరిత్రను జూచిన నీ భేదము స్పష్టమగును. అమ్మఁబడిన బట్టకెల్లఁ జరిత్ర గలదు. ఆంగ్లవర్తకులు 1611లో మచిలీపట్టణమున దిగిన తరువాత నీ తీరపుఁ జీటిగుడ్డలును, పలంగుపోషులును వారి పద్దులలో నెక్కెను. నరసాపురము దాపునఁ గల మాధవాయపాలెము పేర "మదపొల్లాము" అను నూలుబట్ట యైరోపా విపణులఁ జెల్లెను. పారశీకపుఁ బనివారినుండి వచ్చినవని ప్రతీతిగల యేలూరి తివాచులు 1851 నాఁటి లండను మహాప్రదర్శనమునఁ జూపఁబడెను. ఆ 1851లోనే అమెరికాలో సింగరు కుట్టుయంత్రమునకుఁ బేటెంటు పొందెను.

ఇంకొక విశేషము. హిందూదేశపుఁ జీటిగుడ్డలు స్వదేశపు నేఁతగాండ్ర కూడు చెఱుచునని ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1701లోను వానిని నిషేధించెను. 1721లో నింగ్లండు శాసనము మఱింత కఠిన మయ్యెను. 1774 వఱకు నది తొలఁగలేదు. ఆ కాలముననే, సుమారు 1708 ప్రాంతమున, ఇంగ్లండు నుత్తరభాగమునఁ గల లీవెన్స్ హాలునందు హిందూదేశపుఁ జీటిగుడ్డ ముక్కలతో నతికిన పడకదుప్పటి కుట్టఁబడెను. ఆంగ్లభూమి తొలినాళ్ళ యతుకుకుట్టులలో నొకటిగా నది నేఁటికిని భద్రముగా నున్నది. కోరమండలతీర మెఱిఁగిన చీటిగుడ్డ జాతి యచట భద్రపఱుపఁబడఁగా, ఇచట నా తీరమునకే చెందిన యిల్లాండ్రు కుట్టిన బొంతలు వాడుకలో నరిగి, గోనెక్రిందఁ బఱపులై, తుదకు మసిగుడ్డలై మాసిపోయెను.

లేసు కథ మఱియొకరీతిది. 19వ శతాబ్దమున మిషనరీలు నేర్పిన లేసు నరసాపుర ప్రాంతపు స్త్రీల చేతులలోఁ బెద్దవ్యాపార మయ్యెను. మరియా మీస్ అను పరిశోధకురాలు 1982లో వెలువరించిన గ్రంథమున, ఆ పని చేయు స్త్రీలను గృహిణులనియు, వారి పనిని దీఱికపని యనియుఁ బిలుచుటచేతనే కూలి తగ్గించుట సాధ్యమయ్యెనని నిరూపించెను. కూలి గల పనికే యీ గతి పట్టఁగా, కూలి లేని బొంతకుట్టును లోకము పనిగా నెంచకపోవుట వింత గాదు.

ఇతరసీమలలో నీ యుపేక్ష కొంత తొలఁగినది. వంగదేశమున గురుసదయదత్తు కంథలను సేకరించెను. స్టెల్లా క్రామ్రిష్ 1939లో వానిపై వ్యాసము ప్రకటించెను. కర్ణాటకమునఁ బాతబట్టలను అంచులనుండి నడిమికిఁ గుట్టుకొనివచ్చు సిద్దీల కవందియు నేఁడు కళాభిజ్ఞుల మన్ననకుఁ బాత్రమయినది. అమెరికాలోని యలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లెలోని నల్లజాతి స్త్రీలు పనిబట్టల ముక్కలతో నే నమూనాయు లేక కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టనునను, పిమ్మట న్యూయార్కులోని విట్నీ మ్యూజియమునను బ్రదర్శింపఁబడెను. అంతవఱకు వానిని జలికిఁ గప్పుకొనునవిగానే చూచినవారు గోడపైఁ జిత్రములవలెఁ జూడ నేర్చిరి.

కొల్లేరు 1999లో నభయారణ్యముగాఁ బ్రకటితమై, 2002లో రాంసరు పట్టికకెక్కినది. అచట దిగు పక్షులకు లెక్కలు గట్టుచున్నారు. ఆ గట్టుననున్న యిండ్ల బొంతలకు లెక్కలేదు. కృత్రిమపు దారముతో నేసిన చీర చివుకదు, చెమట పీల్చదు, సూదికి జాఱును. మిల్లు దుప్పటి చవుకగా దొరకును. కావునఁ జేయి మానుకొనుచున్నది. చేతితోఁబాటు మాటయుఁ బోవును. అతుకు, మాసిక, పేలిక, టాకా, దబ్బనము, పొత్తి మొదలగు మాటలకు ఊరూరఁ గల యర్థభేదములను గుట్టినవారి నోటనే విని వ్రాసికొనుట సాహిత్యపరిశోధకుల పనియే. తాళపత్రమును జెదలు తినకుండఁ గాపాడువారు, ఒక్కొక్క ముక్క యెవరిదో చెప్పఁగల ముసలమ్మ యుండఁగనే యా బొంతను జదివించుకొనుట యుక్తము. ఆమె పోయిన పిదప నది బట్టయే యగును.

ఇఁక మొదటి నింద. చెడుగ్రంథము చినుఁగునది యతుకుకడనే. పరకీయమైన పంక్తి యచట నూడి కనఁబడును. బొంత యట్టిది గాదు. బట్ట రెండు పొరలై, కుట్టు పడి, దానియం దతుకుచోటే యన్నిటికంటె గట్టిది. పదేండ్లు వాడిన బొంతలో ముక్కల నడిమిభాగ మరిగిపోయి, యతుకులు నిలిచియుండుట యెవ్వరైనఁ జూడవచ్చును. కావున నే గ్రంథమునైన "అతుకుల బొంత" యనఁదలఁచినవారు ముందుగా దాని యతుకులను లాగి చూతురుగాక. ఊడినచో నది బొంత కాదు. నిలిచినచో నది నింద కాదు.